ఒకే ఇంట్లో రెండు కంచాలు

మావాడి పెన్సిల్ బాక్సులో రబ్బరు కోసం వెతుకుతుంటే అడుగున చాక్లెట్ కాగితాలు దొరికాయి. లెక్కపెడితే పదకొండు. ఒక్కోదాన్ని సగానికి మడిచి, మళ్లీ సగానికి మడిచి, ఇంకోసారి మడిచి గోరంత చేసి వరసగా పేర్చాడు. అప్పటికి వాడికి తొమ్మిదేళ్లు. హోంవర్కులో ఒక్క లైను తిన్నగా రాయని పిల్లాడు ఆ కాగితాలను అంత పొందిగ్గా మడిచాడంటే ఎంత భయపడి ఉంటాడో అనిపించింది. నాకు కోపం రాలేదు, సిగ్గేసింది. ఎందుకంటే నా ఆఫీసు బ్యాగులో, లాప్‌టాప్ వెనక అరలో, అలాంటి కాగితాలే ఉన్నాయి. నేను మడవను, ఉండ చుడతాను. అంతే తేడా.

అప్పటికి ఆరు నెలలుగా మా ఇంట్లో రెండు చట్టాలు నడుస్తున్నాయి. పెద్దమ్మాయి వాడికంటే మూడేళ్లు పెద్దది, సన్నగా ఉంటుంది. అది ఏం తిన్నా ఏం కాదని మా అందరి నమ్మకం. వాడు ఒళ్లు చేశాడు కాబట్టి వాడి కంచం వేరు. అక్కకి రెండు బిస్కెట్లు, వాడికి ఒకటి. అక్కకి జ్యూస్, వాడికి నీళ్లు. "అక్కకి రెండు, నాకొకటి ఎందుకు?" అంటే "నీ మంచికేరా" అనేవాళ్లం. బిస్కెట్లున్న గాజు సీసాని వాడికి అందకుండా వంటింట్లో పై అరలో పెట్టాం. అందేది కాదు కానీ, కనపడుతూనే ఉండేది.

ఈ చట్టాలకి మూలం ఒక డాక్టరుగారి సలహా. ఆయన వాడి బరువు చూసి "తిండి తగ్గించండి, ఆటలాడించండి, ఇలాగే వదిలేస్తే కష్టం" అని చెప్పి పంపించేశారు. మొత్తం నాలుగు నిమిషాలు పట్టి ఉంటుంది. వాడు పక్కనే కూర్చుని అంతా విన్నాడు. బయటికొచ్చాక "నాన్నా, నాకేమైనా జబ్బా?" అని అడిగాడు. "అబ్బే, ఏం లేదు" అన్నాను. ఏం లేకపోతే నా బిస్కెట్ ఏదని వాడు అడగలేదు కానీ, అడగాల్సింది.

మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లింది బరువు కోసం కాదు, మెడ కోసం. వాడి మెడ వెనక నల్లగా, కాస్త మందంగా, మడత మడతగా తయారైంది. మురికి పట్టిందనుకుని మా ఆవిడ రెండు నెలలు రోజూ రుద్ది రుద్ది కడిగింది. మంటగా ఉందని వాడు ఏడ్చేవాడు. ఈసారి చూసిన డాక్టరమ్మ వాడి కాలరు వెనక్కి మడిచి చూసి, "రుద్దకండమ్మా, ఇది మురికి కాదు" అన్నారు. దాని పేరు అకాంథోసిస్ నైగ్రికాన్స్ అట. ఇన్సులిన్ సరిగ్గా పనిచేయక, ఒళ్లు దాన్ని మరింత ఎక్కువగా తయారు చేసుకుంటోందని చర్మం మీద కనపడే గుర్తు. మా ఆవిడ ఆ సాయంత్రమంతా మాట్లాడలేదు. రుద్దిన చేతులవైపే చూసుకుంటూ కూర్చుంది.

షుగర్, కొలెస్ట్రాల్, లివర్ పరీక్షలు చేయించాం. లివర్ ఎంజైము కొంచెం ఎక్కువుంది, మిగతావి ఫర్వాలేదు. "థైరాయిడ్ వల్లేమో మేడమ్?" అని అడిగాను. నిజం చెప్పాలంటే ఆశగానే అడిగాను. హార్మోను తేడా అయితే ఒక మాత్రతో పోతుంది, ఇంట్లో ఎవరి తప్పూ ఉండదు. ఆవిడ గ్రోత్ చార్ట్ నావైపు తిప్పి, "ఎత్తు చక్కగా పెరుగుతున్నాడు. హార్మోను లోపంతో లావయ్యే పిల్లలు మామూలుగా ఎత్తు పెరగక పొట్టిగా ఉండిపోతారు" అన్నారు. ఆ దారి మూసుకుపోయింది.

వాడి ఎత్తు 134 సెంటీమీటర్లు, బరువు 42 కిలోలు, బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంతుందో చెప్పే లెక్క) 23.4. పెద్దవాళ్ల అంతర్జాతీయ లెక్కలో అది మామూలు అంకె, అందుకే నేను ఇంట్లో లెక్కగట్టుకుని ధైర్యంగా ఉన్నాను. పిల్లలకి ఆ లెక్క పనికిరాదు. వయసు, ఆడా మగా చూసి చార్టులో పోల్చాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చార్టులో 5 నుంచి 19 ఏళ్ల పిల్లలు మధ్య గీత కంటే రెండు స్టాండర్డ్ డీవియేషన్లు (మధ్య గీత నుంచి ఎంత దూరమో కొలిచే మెట్లు) పైకి వెళ్తే ఊబకాయం అంటారు. మావాడు ఆ గీత దాటి చాలా దూరం వెళ్లాడు. వాడొక్కడే కాదు, 2022లో ప్రపంచంలో ఆ వయసు వాళ్లలో 16 కోట్ల మంది ఆ గీతకి పైనే ఉన్నారని అదే సంస్థ లెక్క.

తర్వాత ఆవిడ వాడిని వదిలేసి నన్ను ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. రాత్రి భోజనం ఎక్కడ? సోఫాలో. టీవీ ముందు తినడం ముందుగా అలవాటు చేసిందెవరు? నేనే. రిమోట్ ఎవరి దగ్గరుంటుంది? నా దగ్గరే. "మీ బరువెంత?" అన్నారు. అపాయింట్‌మెంట్ మావాడి పేరు మీద కదా అని గొణిగాను. తొంభై ఆరు కిలోలు. ఆవిడ రాసుకుని, "పదేళ్లలోపు పిల్లల విషయంలో తల్లిదండ్రుల్లో ఒకరు లావుగా ఉంటే, ఆ పిల్లలు పెద్దయ్యాక లావయ్యే అవకాశం రెట్టింపు కంటే ఎక్కువవుతుంది" అన్నారు. ఆ లెక్క 1997లోనే తేలిందట. జన్యువులూ ఉంటాయి, అలవాట్లూ ఉంటాయి. జన్యువుల్ని మనమేం చేయలేం. "అందుకని ట్రీట్‌మెంట్ ఇంటికి ఇద్దాం. వాడి ఒక్కడి కోసం ఏ రూలూ పెట్టకండి" అన్నారు.

నేను ఏదైనా విన్న రాత్రి నిద్రపోకుండా దాని గురించి చదివే రకం. లియోనార్డ్ ఎప్‌స్టీన్ అని అమెరికాలో ఒక మనస్తత్వ శాస్త్రవేత్త ఉన్నారు. కుటుంబాన్నంతా కలిపి చేసే ఈ వైద్యానికి పునాది వేసినవాళ్లలో ఆయన ముఖ్యుడు. ఒక బృందంలో తల్లిదండ్రుల్నీ పిల్లాడినీ కలిపి మార్చే ప్రయత్నం చేశారు, ఇంకో బృందంలో పిల్లాడినొక్కడినే. మూడో బృందంలో ఎవరి మీదా ప్రత్యేకంగా గురిపెట్టలేదు. పదేళ్ల తర్వాత వెళ్లి చూసి 1990లో ఫలితాలు ప్రచురించారు. కలిపి మార్చిన ఇళ్లలోని పిల్లల అధిక బరువు శాతం, అంటే ఉండాల్సిన బరువుకంటే ఎంత శాతం ఎక్కువున్నారనే లెక్క, మొదటికంటే 7.5 తగ్గి ఉంది. పిల్లాడినొక్కడినే పట్టుకున్నచోట 4.5, మూడో బృందంలో 14.3 పెరిగింది. పదేళ్లంటే ఆ పిల్లలు మీసాలొచ్చి, ఇల్లు వదిలి వెళ్లే వయసుకి వచ్చేశారు. అప్పటికీ తేడా నిలిచే ఉందన్న దగ్గర నేను ఫోను పక్కన పెట్టి కాసేపు కూర్చున్నాను.

ఇజ్రాయెల్‌లో మోరియా గోలన్ అనే ఆవిడ ఇంకో అడుగు ముందుకేశారు. ఒక బృందంలో అసలు పిల్లల్ని క్లినిక్‌కే పిలవలేదు, తల్లిదండ్రుల్నే పిలిచి నేర్పించారు. రెండో బృందంలో పిల్లల్నే పిలిచి నేర్పించారు. 1998లో వచ్చిన ఆ ఫలితాల్లో, క్లినిక్ గడప తొక్కని పిల్లలకి అధిక బరువు 14.6 శాతం తగ్గింది, వెళ్లిన పిల్లలకి 8.1 శాతం. అంటే నేను ఆరు నెలలుగా చేసింది సరిగ్గా తిరగేసి చేశానన్నమాట.

మర్నాడు సాయంత్రం అందరూ ఉండగా నా బ్యాగు భోజనాల బల్ల మీద బోర్లించాను. ఉండలు చుట్టిన కాగితాలు దొర్లుకుంటూ వెళ్లాయి. వాడు ఒక్కొక్కటే విప్పి, చేత్తో సాపు చేసి లెక్కపెట్టాడు. పదిహేడు. "నీవే ఎక్కువ నాన్నా" అన్నాడు. పెన్సిల్ బాక్సు సంగతి నేను ఎత్తలేదు. వాడే వెళ్లి తెచ్చి పక్కన పెట్టాడు.

ముందుగా తాగేవాటితో మొదలుపెట్టాం. 330 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో దాదాపు 35 గ్రాముల చక్కెర ఉంటుంది. ఈ మాట చెబితే ఎవరికీ ఏమీ అనిపించలేదు. పెద్దమ్మాయి వంటింటి త్రాసు తెచ్చి చక్కెర తూచి గాజుగ్లాసులో పోసింది. చెంచాలతో కొలిస్తే తొమ్మిది దాకా వచ్చింది. ఆ గ్లాసు వారం రోజులు ఫ్రిజ్ మీద ఉంది, నాలుగో రోజు చీమలు పట్టినా తీయనివ్వలేదు. ప్యాకెట్ జ్యూసూ ఆ పక్కకే చేరింది. పండు ఉండగా రసం ఎందుకని ఆపేశాం. మిగతా తిండిని ఎప్‌స్టీన్ పద్ధతిలోనే ట్రాఫిక్ లైట్లలా విడదీశాం. కూరగాయలు పచ్చ, రోజువారీ భోజనం పసుపు, చిప్స్, చాక్లెట్లు ఎరుపు. ఎర్రవి నిషేధం కాదు, ఇంట్లో నిల్వ ఉండవు. తినాలనిపిస్తే అందరం కలిసి బయటికెళ్లి తిని వస్తాం. గాజు సీసా కడిగి పెన్నులు పెట్టుకున్నాం. చిన్నపిల్లలకి ఏదైనా తినేది కళ్లెదురుగా పెట్టి అందనివ్వకపోతే దాని మీదే ధ్యాస పెరుగుతుందని జెనిఫర్ ఫిషర్, లీయన్ బర్చ్ 1999లోనే ప్రయోగం చేసి చూపించారు. నేను అదే ప్రయోగాన్ని నా కొడుకు మీద ఆరు నెలలు చేశాను.

అన్నిటికంటే కష్టమైంది బల్ల దగ్గర నోరు మూసుకోవడం. ఎలిన్ శాటర్ అనే పోషకాహార నిపుణురాలి సూత్రం ఒకటి డాక్టరమ్మ మాకు రాసిచ్చారు. ఏం వండాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ కూర్చుని తినాలి అనేవి పెద్దవాళ్ల పని. ఎంత తినాలి, అసలు తినాలా వద్దా అనేది పిల్లల పని. ఒకరి పనిలోకి ఇంకొకరు వెళ్లకూడదు. చదవడానికి రెండు లైన్లే. మొదటి రాత్రి టీవీ ఆపి అయిదుగురం బల్ల చుట్టూ కూర్చున్నాం. వాడు ఒకసారి పెట్టుకుని తిన్నాడు. నా మొహం చూసి మళ్లీ పెట్టుకున్నాడు. వాళ్లమ్మ మొహం చూసి మూడోసారి పెట్టుకున్నాడు. నా నోట్లోంచి "చాల్లేరా" అన్న మాట వచ్చేలోపు మా ఆవిడ బల్ల కింద నా తొడ గిల్లింది. దాదాపు రెండు వారాలు అలాగే తిన్నాడు. ఎవరో లాక్కుంటారన్నట్టు తినేవాడు. మూడో వారంలో ఒక రోజు రెండోసారి పెట్టుకున్నది సగం వదిలేసి "అయిపోయింది" అని లేచాడు. పారేయకుండా తినమని మా అమ్మ నోరు తెరవబోయింది. ఈసారి నేను చెయ్యి అడ్డం పెట్టాను.

మా అమ్మ గురించి చెప్పకపోతే ఈ కథ అబద్ధమవుతుంది. తిండికి లెక్క చూసుకున్న రోజుల్లో పెరిగిన మనిషి. ఆవిడకి బొద్దుగా ఉన్న పిల్లాడంటే ఇంట్లో కరువు లేదని రుజువు. గిన్నె పట్టుకుని వాడి వెనకాలే తిరిగేది. "కూర తింటే చాక్లెట్ ఇస్తా కన్నా" అనేది. డాక్టరమ్మ ఆవిడకి నీతులు చెప్పలేదు. ఒకసారి తీసుకురమ్మని, "సాయంత్రాలు వాడితో ఎవరుంటారమ్మా?" అని అడిగారు. "నేనే" అంది అమ్మ. "అయితే మీకు పెద్ద పని ఉంది. రోజూ ముప్పావుగంట వాడిని నడకకి తీసుకెళ్లాలి. నడిచేటప్పుడు కథ చెప్పాలి, ఇంటికొచ్చాక చెప్పకూడదు." ఆ రోజు నుంచి అమ్మ కథని వీధి మలుపులో ఆపేయడం నేర్చుకుంది. మిగతా కథ రేపటి నడకలోనే. అమ్మకి మోకాళ్ల నొప్పులు తగ్గాయో, తగ్గాయని చెబుతోందో నాకు తెలియదు కానీ చెప్పులు మాత్రం మార్చింది.

ఆ కూరకి చాక్లెట్ బేరం గురించి ఒక్క మాట. ఇది తాగితే బహుమతి ఇస్తాం అని తాగించిన పానీయం మీద పిల్లలకి ఇష్టం పెరక్కపోగా తగ్గిందని 1984 నాటి ఒక ప్రయోగం ఉంది. బహుమతి ఇచ్చి తినిపించాల్సి వస్తోందంటే అది చెత్తగా ఉండే ఉంటుందని పిల్లలు లెక్కగడతారేమో. వాళ్ల లెక్క కరెక్టే కదా! ఇప్పుడు మేము కొత్త కూరగాయ ఏదైనా బల్ల మీద పెట్టి ఊరుకుంటాం. పిల్లల నాలుకకి అలవాటవ్వడానికి ఎనిమిది నుంచి పదిహేను సార్లు రుచి చూడాల్సి రావచ్చంటారు. మేము రెండుసార్లకే "వీడికి నచ్చదు" అని కొట్టేసినవి ఎన్నో.

పెద్దమ్మాయి మొదటి నెలంతా నాతో మాట్లాడలేదు. "వాడి వల్ల నాకూ అన్నీ బంద్ చేశారు. నేనేం లావుగా లేనుగా?" అంది. దాని బాధలో న్యాయముంది. అయితే తరచి చూస్తే, పొద్దున్న ఏమీ తినకుండా బడికి వెళ్తున్నది, మధ్యాహ్నం కూల్‌డ్రింకుతో కడుపు నింపుకుంటున్నది అదే. సన్నగా ఉంది కాబట్టి మేమెవరం దాని కంచం వైపు చూడలేదు. 2023లో ఎప్‌స్టీన్ బృందమే ఇంకో పెద్ద అధ్యయనం ప్రచురించింది. ఇలాంటి కుటుంబాల్లో చికిత్స తీసుకోని అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్లకీ కూడా మేలు జరిగిందని అందులో తేలింది. అది చదివి వినిపిస్తే "నాకు వినిపించకు" అంది. కానీ పొద్దున్న బల్ల దగ్గర కూర్చుంటోంది.

దానితో ఇంకో ఒప్పందం కూడా జరిగింది. అది తమ్ముడిని "డ్రమ్ము" అని పిలిచేది. ముద్దుకేనని మేమూ నవ్వేవాళ్లం. ఇంట్లోవాళ్లు ఒంటి గురించి ఆటపట్టించిన పిల్లలు తర్వాత్తర్వాత ఆపుకోలేకుండా తినడం, తిండి చుట్టూ నానా తిప్పలు పడటం ఎక్కువని పరిశోధనలు గట్టిగానే చెబుతున్నాయి. లావు, సన్నం అన్న మాటలు ఇంట్లో ఎవరి గురించీ వాడకూడదని తీర్మానించాం. అద్దం ముందు నిలబడి నా పొట్ట గురించి నేను వేసుకునే జోకులు కూడా అందులోకే వస్తాయని మా ఆవిడ తీర్పు. బరువు చూసుకునే మెషీన్ అటకెక్కింది. తూకం డాక్టరు దగ్గరే, నెలకోసారి, ఇద్దరం.

నిద్ర సంగతి తేలిగ్గా అయిపోయింది. ఆ వయసుకి 9 నుంచి 12 గంటలు కావాలి, వాడికి ఎనిమిది కూడా దక్కడం లేదు. రాత్రి తొమ్మిదికి అందరి ఫోన్లూ హాల్లో ఒకే చోట ఛార్జింగ్. ఆటలే తేలిగ్గా అవలేదు. రోజుకి గంటసేపు ఒళ్లు అలిసేలా ఆడాలంటారు కానీ, పరుగెడితే తోటిపిల్లలు నవ్వుతారని వాడు ఆటల పీరియడ్‌లో కడుపునొప్పి అనేవాడట. నాతో రెండు వారాలు జాగింగ్‌కి వచ్చి ఇద్దరం ఒకరి మీద ఒకరు విసుక్కున్నాం. చివరికి వాడికి నచ్చింది గోడకేసి బంతి కొట్టడం. ఒక్కడే, ఎవరూ చూడకుండా. పక్కింటివాళ్లు విసుక్కున్నారు. వాళ్లకి క్షమాపణ చెప్పి టైము మార్చుకున్నాం కానీ ఆట ఆపలేదు.

అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2023 మార్గదర్శకాల్లో, ఇలాంటి కుటుంబ చికిత్స 3 నుంచి 12 నెలల్లో కనీసం 26 గంటలు ముఖాముఖిగా జరగాలని ఉంది. మాకు మొదట దొరికింది నాలుగు నిమిషాలు. ఈ డాక్టరమ్మ దగ్గర ఏడాదిలో అన్నీ కలిపితే పదకొండు గంటలు వచ్చింది. మిగతా గంటలు బల్ల దగ్గర పూర్తిచేశామని మేమే సర్దిచెప్పుకున్నాం. మధ్యలో పిల్లల పరీక్షలు, నాకు ఆఫీసు టెన్షన్ ఒకేసారి వచ్చాయి. మూడు వారాలు మళ్లీ సోఫాయే, మళ్లీ టీవీయే. ఆ నెల ఇద్దరి తూకమూ పెరిగింది. ఆవిడ ఏమీ అనలేదు, "మళ్లీ బల్ల దగ్గరికి ఎప్పుడు వెళ్తున్నారు?" అని తారీఖు అడిగి రాసుకున్నారు.

పద్నాలుగు నెలలయ్యింది. మావాడు ఇప్పుడు 140 సెంటీమీటర్లు, 43 కిలోలు. బరువు తగ్గలేదు, కిలో పెరిగింది. కానీ పెరిగే పిల్లలకి బరువు తగ్గాల్సిన పని చాలాసార్లు ఉండదట, ఎత్తు పెరిగేదాకా నిలబెడితే చాలు. బీఎంఐ 21.9కి దిగింది. చార్టులో ఆ గీతకి ఇంకా పైనే ఉన్నాడు, కాకపోతే ఇప్పుడు గీత కనపడుతోంది. మెడ మీద నలుపు పలచబడింది. లివర్ ఎంజైము మామూలుకి వచ్చింది. నేను 96 నుంచి 89కి వచ్చాను.

ఎరుపు రకం ఏం తిన్నా రాసుకోవాలని మా ఇద్దరికీ ఒకటే నోట్‌బుక్, ఎడమ పేజీ వాడిది, కుడి పేజీ నాది. నిన్న పొద్దున్న తీసి చూస్తే నా పేజీలో వాడి చేతిరాత ఉంది. "రాత్రి 11:10. బిస్కెట్లు 4. నాన్న రాయడం మర్చిపోయాడు." మూడే తిన్నానని వాదించాను. వాడు లేచి వెళ్లి నా బ్యాగులోంచి ఉండ చుట్టిన ప్యాకెట్ తీసి, బల్ల మీద పెట్టి చేత్తో సాపు చేశాడు. ప్యాకెట్‌కి ఎన్నో పైనే అచ్చేసి ఉంది. లోపల మిగిలినవి ఒక్కొక్కటే బయటికి తీసి లెక్కపెట్టాడు.

నాలుగే.